ఏడు కిలోమీటర్ల అబద్ధం

"ఏడు కిలోమీటర్లు, బావా! ఏడంటే ఏడు కిలోమీటర్ల పచ్చి అబద్ధం. ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి నీకు?"

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. అతను టోపీ తీసి పెట్టాడంటే కేసు తేలిపోయిందని తీర్మానించుకున్నట్టే. ఆ సంగతి అతని అక్కని చేసుకున్న డిటెక్టివ్‌కి పెళ్ళయిన ఏడాదికే తెలిసిపోయింది. అలా తేలిపోయిన కేసుల్లో సగానికి సగం మళ్ళీ మునిగిపోయాయని కూడా తెలుసు. కానీ బావమరిది దగ్గర అన్నీ పైకి అనకూడదు కదా, ఇంటికి వెళ్ళాక భోజనం పెట్టేది వాళ్ళక్కే.

డిటెక్టివ్‌ని అందరూ గొలుసుగారు అంటారు. ఈ పనిలో దిగకముందు సర్వే శాఖలో గొలుసు పట్టుకుని ఊళ్ళూ రోడ్లూ కొలిచాడు. ఆ పేరు అక్కడ అంటుకున్నదే. దొంగలు మాత్రం ఆ గొలుసు తమ చేతులకి వెయ్యడానికే అనుకుంటారు. ఆయన ఏనాడూ ఆ అపోహని సరిదిద్దలేదు. నేల మీద ఎంత దూరమైనా కంటిచూపుతో చెప్పగల మనిషికి నీళ్ళంటే మాత్రం గిట్టదు. ఆగి ఉన్న పడవని చూసినా కడుపులో తిప్పుతుంది. అలాంటివాడు పొద్దున్నుంచీ లాంచీల కంపెనీ మేడ మీద, కిటికీ నిండా సముద్రం కనిపించే గదిలో, దానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"మొదట్నుంచీ చెప్పు. నెమ్మదిగా," అన్నాడు గొలుసుగారు.

"ఎన్నిసార్లు చెప్పాలి? నిన్న పొద్దున ఆరింటికి దీపస్తంభం పక్కనున్న రేవు నుంచి లాంచీ బయల్దేరింది. అందులో ఇద్దరే, కంపెనీ యజమాని పెద్దాయన, లాంచీ నడిపే సరంగు. తొమ్మిదింటికి ఇదిగో ఈ రేడియోలో సరంగు గొంతు వినిపించింది. మూడు గంటలు పూర్తి వేగంతో వచ్చాం, దీపస్తంభానికి సూటిగా తూర్పున ముప్పై మైళ్ళలో ఉన్నాం, ఇంజను ఆగిపోయింది, లంగరు వేశాం, పట్టుకుంది, బ్యాటరీ అయిపోతోంది అన్నాడు. అంతే, తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ముప్పై మైళ్ళంటే నలభై ఎనిమిది కిలోమీటర్లు. మా పడవ సరిగ్గా అక్కడికే వెళ్ళింది. నిన్న చీకటి పడేదాకా తిరిగింది, ఇవాళ పొద్దున మళ్ళీ తిరిగింది. చెక్క ముక్క కూడా కనపడలేదు."

"అయితే?"

"ఆ లాంచీ వేగం గంటకి పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు. మూడు గంటలకి ఎంత? యాభై అయిదు చిల్లర. వాడేమో నలభై ఎనిమిది దగ్గర ఉన్నానంటాడు. మిగతా ఏడు కిలోమీటర్లు ఎక్కడికి పోయాయి? అబద్ధం ఆడేవాడికి లెక్కలు కూడా రావాలి బావా. వీడికి రాలేదు. పెద్దాయన్ని ఏదో చేసి, లాంచీతో ఇంకో రేవుకి ఉడాయించాడు. మధ్యాహ్నం గాలి లేస్తుందట. నేను పన్నెండింటికి గాలింపు ఆపేసి, వాడి ఫోటో అన్ని రేవులకీ పంపిస్తున్నాను."

"అయితే ఆ యాభై అయిదో కిలోమీటరు దగ్గర వెతికారా?"

"దేనికి? అక్కడ లోతెక్కువ, లంగరు అందదు అని అల్లుడుగారే చెప్పారు. సముద్రం సంగతి ఆయనకి తెలుస్తుందా, నేల కొలిచే నీకు తెలుస్తుందా?"

అల్లుడుగారంటే పెద్దాయన కూతురి భర్త. కంపెనీలో జమేదారు నుంచి మేనేజరు దాకా అందరూ అలాగే పిలుస్తారు. అతను గది మూలన కుర్చీలో కూలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, చొక్కా నలిగింది. చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. గొలుసుగారికి కూడా వేసింది. అయినా ప్రశ్నలు మానలేదు.

"బాబూ, ఆ మాటలు రేడియోలో విన్నది మీరేనా?"

"నేనూ, సరంగు పెళ్ళామూనండీ. ఆవిడ కింద షెడ్డులో లైఫ్ జాకెట్లు కుడుతుంది. కుట్టినవి ఇవ్వడానికి పైకొచ్చింది. అప్పుడే మోగింది."

"పోలీసులకి చెప్పింది ఎవరు?"

"నేనే. వెంటనే ఫోన్ చేశాను. మైళ్ళూ నాట్లూ అంటే సార్ వాళ్ళకి తికమక అని అన్నీ కిలోమీటర్లలోకి మార్చి చెప్పాను."

"మంచి పని చేశారు. లాంచీ వేగం కూడా మీరే మార్చారా?"

"అవునండీ. పది నాట్లు. అంటే పద్దెనిమిదిన్నర." అల్లుడు ఆలోచించకుండానే చెప్పి, ముక్కు తుడుచుకున్నాడు. "మా మామగారికి ఈ వయసులో ఇలాంటి గతి పడుతుందనుకోలేదండీ. ఆ సరంగుని నెత్తిన పెట్టుకున్నారు. మొన్ననే, ఇకనుంచి పెత్తనం మొత్తం వాడికే అన్నారు. ఫలితం చూడండి."

గొలుసుగారు అయ్యో అన్నట్టు తలాడించి, సరంగు భార్యని పైకి పిలిపించాడు.

ఆవిడ మెడలో కొలత టేపుతోనే వచ్చింది. భర్త మీద హత్యానేరం పడబోతోందని తెలిసి కూడా ఆవిడ ఏడవడం లేదు. కోపంగా ఉంది. ఆ కోపం గొలుసుగారికి నచ్చింది. నిన్న సాయంత్రం ఈయన ఇంటి తలుపు తట్టి, "మీరు రాకపోతే నేనే ఈదుకుంటూ వెళ్తాను," అన్నది కూడా ఆవిడే.

"అమ్మా, నువ్వు విన్నది ఉన్నదున్నట్టు చెప్పు."

"ముప్పై మైళ్ళు అన్నాడు బాబాయిగారూ. దీపస్తంభానికి సూటిగా తూర్పున అన్నాడు. మూడు గంటలు పూర్తి వేగం అన్నాడు. నా చెవులతో విన్నాను."

ఇన్‌స్పెక్టర్ అడ్డొచ్చాడు. "ఆ రెండు మాటలూ పొసగవమ్మా. ఏదో ఒకటి అబద్ధం."

"మా ఆయన అబద్ధం ఆడడని నేను అనడం లేదు," అంది ఆవిడ చటుక్కున. "ఆడితే నాకు తెలిసిపోతుంది అంటున్నాను. చెవులు ఎర్రబడిపోతాయి, పండు మిరపకాయల్లా."

"రేడియోలో చెవులు కనపడవు."

"గొంతు కనపడుతుంది. మీకు పెళ్ళయిందా సార్?"

గొలుసుగారు నవ్వు దాచుకోవడానికి మీసం దువ్వుకుని, "దూరాల దగ్గర మీ ఆయన కచ్చితంగా ఉంటాడా? గాలివాటంగా ఏదో ఒకటి అనేసే రకమా?" అని అడిగాడు.

"కచ్చితమా? ప్రాణం తీస్తాడు బాబాయిగారూ. బస్సు దిగి ఇంటికి నడిచేటప్పుడు, రెండు మైళ్ళు నడిపించావయ్యా, కాళ్ళు పీకుతున్నాయి అంటానా, రెండెక్కడివే, మీ నేల మైళ్ళన్నీ పొట్టి మైళ్ళు, మా నీళ్ళ మీద అయితే దీన్ని రెండని ఎవడూ ఒప్పుకోడు అని ఎకసెక్కం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే గోల."

"ఏ మైళ్ళు?"

"పొట్టి మైళ్ళు."

గొలుసుగారు కుర్చీలోంచి లేచాడు. లేచి, పొద్దున్నుంచీ మొదటిసారి సముద్రం వైపు తిరిగాడు.

కిటికీ పక్కన పెద్ద బల్ల, దాని మీద గాజు పలక, పలక కింద సముద్రపు పటం. పాతది, అంచులు పసుపెక్కాయి. ఒడ్డు ఒక పక్క సన్నగా ఉంది, మిగతాదంతా నీళ్ళే. నీళ్ళ నిండా చిన్న చిన్న అంకెలు, ఎక్కడ ఎన్ని బారల లోతో. పక్కన రెండు ఇత్తడి కాళ్ళ కంపాసు పడి ఉంది. ఆయన అలవాటు కొద్దీ పటం కింది మూల చూశాడు. ఆ మూలా చూశాడు, పై మూలలు రెండూ చూశాడు. అంగుళానికి ఎన్ని మైళ్ళో చెప్పే కొలబద్ద గీత ఎక్కడా లేదు. స్కేలు లేని పటం ఆయన జన్మలో చూడలేదు. సర్వే శాఖలో ఎవడైనా ఇలాంటిది గీసి తెస్తే వాడి ఇంక్రిమెంటు ఆగిపోయేది.

"ఏం చేస్తున్నావు బావా? ఇది పొలం గట్టు తగువు కాదు."

"నీ టోపీ కాస్త పక్కకి తియ్యి, బల్ల మీద చోటు చాలడం లేదు."

పటం ఎడమ పక్క అంచు మీద పైనుంచి కిందిదాకా నల్లటి సన్న గీతలు వరసగా ఉన్నాయి. గొలుసుగారు కంపాసు ఒక కాలు దీపస్తంభం మీద, రెండో కాలు ఏటి మొగ దగ్గరి రాతి గట్టు మీద ఆనించాడు. ఆ రెంటి మధ్యా ఒడ్డు వెంట రోడ్డు తీగ లాగినట్టు సూటిగా పోతుంది. ఆ రోడ్డు ఆయన తన చేతులతో కొలిచింది. ఎండకి వీపు తోలు ఊడింది, గొలుసు పట్టిన కుర్రాళ్ళు ఆయన్ని మనసులో తిట్టుకున్నారు. ఇరవై మూడు మైళ్ళు. నిద్రలో లేపి అడిగినా అదే చెప్తాడు. కంపాసు కాళ్ళు కదలకుండా తీసుకెళ్ళి పక్క అంచు మీద పెట్టి, గీతలు లెక్కపెట్టాడు.

ఇరవై.

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఇరవయ్యే.

"నా మూడు మైళ్ళు ఎవడు మింగాడు?" అన్నాడు గొలుసుగారు పైకే.

ఇన్‌స్పెక్టర్‌కి ఓపిక చచ్చిపోయింది. "పన్నెండు అవుతోంది. నేను గాలింపు ఆపమని చెప్పేస్తున్నాను."

"చెప్పు. కానీ ఆ ఫోన్ ముందు నాకివ్వు. రేవు కార్యాలయానికి ఒక్క ప్రశ్న. తప్పయితే ఈ ఏడాదంతా మీ అక్క ఎదుట నువ్వే గొప్ప డిటెక్టివ్‌వని ఒప్పుకుంటాను."

అంత పెద్ద పందెం ఆ ఇంట్లో ఎన్నడూ కాయలేదు. ఇన్‌స్పెక్టర్ ఫోన్ ఇచ్చేశాడు.

అవతల రేవు అధికారి గొంతు తాపీగా వచ్చింది. పటం పక్క అంచు మీద గీతేనా అండీ? ఒక్కోటి ఒక్కో మైలు. ఏ మైలంటే, సముద్రపు మైలు. నేల మీది మైలు రాజులో సర్కార్లో పెట్టుకున్న లెక్క. మాది భూమి పెట్టిన లెక్క. భూమి చుట్టుకొలతని మూడు వందల అరవై భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని మళ్ళీ అరవై ముక్కలు చేస్తే ఒక ముక్క మాకు మైలు. గంటకి ఒక మైలు నడిస్తే ఒక నాటు. కిలోమీటర్లలోనా? ఒకటీ ఎనభై అయిదు. నేల మైలు ఒకటీ అరవయ్యే కదా, పొట్టిది.

"మరి నిన్నటినుంచీ మీరు ఈ సంగతి ఎందుకు చెప్పలేదండీ?" గొలుసుగారు గట్టిగానే అడిగాడు. కోపమో సంతోషమో ఆయనకే తెలియలేదు.

"మాకు మైళ్ళని ఎవరు చెప్పారు? మీ పోలీసులు నలభై ఎనిమిది కిలోమీటర్లు అన్నారు. మేమూ అక్కడే వెతికాం."

"ముప్పై సముద్రపు మైళ్ళు. దీపస్తంభానికి సూటిగా తూర్పున. మీ దగ్గరున్న వేగంగా పోయే పడవ పంపండి, ఇప్పుడే. ఇద్దరు మనుషులు."

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఇన్‌స్పెక్టర్ పెదాలు కదుపుతూ మనసులో గుణించుకుంటున్నాడు. ముప్పైని ఒకటీ ఎనభై అయిదుతో. యాభై అయిదున్నర. మూడు గంటల ప్రయాణం ఎంతో అంతే, అణా పైసల్తో సహా. మాయమైన ఏడు కిలోమీటర్లు నిక్షేపంలా దొరికాయి. సరంగు రెండు మాటలూ నిజమే చెప్పాడు.

"అంటే..." అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అంటే మనం రోజున్నర ఖాళీ నీళ్ళ చుట్టూ ప్రదక్షిణం చేశాం."

సరంగు భార్య బల్ల అంచు పట్టుకుంది. "బతికే ఉన్నాడా బాబాయిగారూ?"

"లంగరు పట్టుకుందన్నాడు కదమ్మా. లంగరు పట్టుకుంటే లాంచీ అక్కడే ఉంటుంది." ఆ మాట ధైర్యంగానే అన్నాడు కానీ, ఆయన గుండె ఆయన చేతిలో లేదు.

అల్లుడు కుర్చీలోంచి లేచి వచ్చాడు. "అయ్యో, ఎంత పొరపాటు చేశాను! తొందరలో మామూలు మైళ్ళు అనుకుని... ఆ పడవలో నేనూ వెళ్తాను. మా మామగారు నన్ను చూస్తే ధైర్యంగా ఉంటుంది."

"మీరు వద్దు బాబూ," అన్నాడు గొలుసుగారు మెత్తగా. "రేడియో ఎవరు చూస్తారు? నాకు ఏ మీట నొక్కాలో కూడా తెలియదు. కూర్చోండి."

తర్వాతి గంటన్నర ఆ గదిలో ఎవరికీ కూర్చోబుద్ధి కాలేదు. ఇన్‌స్పెక్టర్ కిటికీకీ తలుపుకీ మధ్య కాలు గాలిన పిల్లిలా తిరిగాడు. సరంగు భార్య మెడలోని టేపు చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. గొలుసుగారు మాత్రం కంపాసు పుచ్చుకుని పటం మీద ఇంకో రెండు కొలతలు తీశాడు. ఏం చూశాడో ఎవరికీ చెప్పలేదు. అల్లుణ్ణి ఒక్కటే అడిగాడు, లాంచీలో లంగరు తాడు పొడుగెంతని. నలభై బారలు అన్నాడతను.

రేడియో గరగరమంది.

"కనపడ్డారు... ఇద్దరూ... ఇద్దరూ క్షేమం... పెద్దాయన నీరసంగా ఉన్నాడు, మాట్లాడుతున్నాడు... ఎక్కించుకున్నాం."

అంతవరకూ కంట నీరు పెట్టని మనిషి నేల మీద చతికిలబడి బావురుమంది. ఇన్‌స్పెక్టర్, హమ్మయ్య, హమ్మయ్య అని పదిసార్లు అనుకుని, ఏం చెయ్యాలో తోచక బావని గట్టిగా కౌగిలించుకున్నాడు. మీసాలు మీసాలు గుచ్చుకుని ఇద్దరూ విడిపోయారు. అల్లుడు కూడా దేవుడా అని కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ అతని భుజం తట్టి, "పోనీలెండి, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది," అన్నాడు.

రేడియోలో ఇంకో గొంతు వచ్చింది. బొంగురుపోయింది గానీ అందులో ఎకసెక్కం ఏమాత్రం తగ్గలేదు.

"ఏమేవ్, ఉన్నావా అక్కడ? నువ్వు కుట్టిన జాకెట్టు పట్టీ తెగిందే! ఇంతకీ నిన్నంతా దూరంగా పడవ చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఇటు ఒక్కడూ రాడే! ముప్పై మైళ్ళని చిలక్కి చెప్పినట్టు చెప్పానే. ఏ మహానుభావుడు పొట్టి మైళ్ళతో వెతికించాడు?"

ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. నవ్వు ఆగాక గదిలో ఆ ప్రశ్న ఒక్కటీ మిగిలింది.

"మహానుభావుడు ఇక్కడే ఉన్నాడు," అన్నాడు గొలుసుగారు. "బాబూ, పది నాట్లంటే ఎన్ని కిలోమీటర్లు?"

అల్లుడు రేడియో దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పొద్దున చెప్పారుగా, తడుముకోకుండా. పద్దెనిమిదిన్నర. అది సముద్రపు మైలు లెక్క. మరి అదే ఫోన్‌లో, అదే నోటితో, ముప్పై మైళ్ళని మాత్రం నేల మైళ్ళు చేశారు. వేగానికి పొడుగు మైలు, దూరానికి పొట్టి మైలు. తెలియనివాడు రెండూ తప్పు చెప్తాడు. తెలిసినవాడు రెండూ సరిగ్గా చెప్తాడు. ఒకటి ఒప్పూ ఒకటి తప్పూ చెప్పాలంటే రెండూ తెలిసుండాలి."

"కంగారులో..."

"లోతు సంగతి కూడా కంగారేనా? యాభై అయిదో కిలోమీటరు దగ్గర లోతెక్కువ, వెతకొద్దు అన్నారు. పటం చూశాను. అక్కడ నీటి కింద మిట్ట ఉంది, పద్దెనిమిది బారలే. మీరు మావాణ్ణి పంపిన చోట డెబ్భై బారలు. నలభై బారల తాడున్న లంగరు పట్టుకోవాలంటే లాంచీ ఎక్కడుండాలో ఈ గదిలో ఒక్క మీకే తెలుసు. మీరు తోసిందీ లేదు, పొడిచిందీ లేదు. మైలుని కాస్త కురచ చేసి, మిగతా పని దాహానికీ గాలికీ వదిలేశారు."

అల్లుడి మొహంలో జాలిగొలిపే కళ అంతా దిగిపోయింది. అతను సరంగు భార్య వైపు చూడలేదు, రేడియో వైపు చూశాడు. "పెత్తనం వాడికట. ఇంటల్లుణ్ణి నేనుండగా, స్టీరింగు తిప్పేవాడికి! నేనేం చేశానని? కిలోమీటర్లలోకి మార్చాను. అది నేరమా?"

ఇన్‌స్పెక్టర్ బల్ల మీది టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు. పొద్దున్నుంచీ అతను చేసిన పనుల్లో గొలుసుగారికి బాగా నచ్చింది అదొక్కటే. "నేరమో కాదో స్టేషన్లో మాట్లాడుకుందాం, పదండి," అని అతని రెక్క పట్టుకుని, తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "బావా, మైలు కురచ చేసినందుకు ఏ సెక్షన్ పెట్టాలంటావు?"

"అది నీ పని. నేను కొలిచేవాణ్ణి."

"పందెం సంగతి అక్కకి చెప్తావా?"

"ఇవాళ చెప్పను. నీ మొహం చూస్తే జాలేస్తోంది."

గొలుసుగారు రేవు దాకా వెళ్ళాడు. కొసన నిలబడితే కింద నీళ్ళు ఊగుతున్నాయి, ఆయన వాటివైపు చూడడం లేదు. అయినా సరంగు భార్యని ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. గాలి అప్పుడప్పుడే లేస్తోంది. ఇంకొక్క పూట ఆలస్యమైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఆయనకి చెమట పట్టింది.

"ఎంత దూరంలో ఉన్నారు బాబాయిగారూ?"

"ఏ మైళ్ళల్లో చెప్పమంటావమ్మా?"

"ఏవీ వద్దు. కనపడితే చాలు."

చుక్క కనపడింది. చుక్క పడవయింది. పెద్దాయన్ని ఇద్దరు పట్టుకుని దింపారు. ఆయన వెనక సరంగు దూకాడు, పెదాలు పగిలి, మొహం ఉప్పు కట్టి, పట్టీ తెగిన జాకెట్టు ఇంకా ఒంటి మీదే ఉంచుకుని. ఆవిడ వెళ్ళి ముందు ఆ తెగిన పట్టీ పట్టుకుని చూసింది. తర్వాత అతని మొహం.

"భయపడ్డావా?"

"నేనా? అబ్బే! అస్సలు లేదు," అన్నాడు సరంగు ఛాతీ విరిచి.

ఆవిడ ఎర్రగా కందిపోయిన అతని చెవులు రెండూ రెండు చేతులతో మూసి, అలాగే పట్టుకుని నిలబడిపోయింది.